టంకీకి వేసిన రాయి

రాయపూర్‌లో తెలుగువాళ్లుండే భన్‌పురి సందులో జీపు దిగగానే మాజీ ఎమ్మెల్యే అమ్మిరాజు కెవ్వుమన్నాడు. మంచినీళ్ల టంకీ కట్టిస్తానని పదేళ్ల కిందట తాను కొబ్బరికాయ కొట్టి వేసిన శిలాఫలకం అక్కడ లేదు. టంకీ కూడా లేదుగానీ, అది ఎప్పుడూ లేదు కాబట్టి ఆయన పట్టించుకోలేదు.

ఈసారి టికెట్ కావాలంటే చేసిన పనుల ఫొటోలు తెమ్మంది పార్టీ.

“నా వికాస్‌ని చోరీ చేశార్రా! ఇక్కడే ధర్నాకి కూర్చుంటా!”

పక్కనే ట్యాంకర్ నీళ్లతో బట్టలుతుకుతున్న అప్పలనరసమ్మ ఉతికే బండ మీద చెంబెడు నీళ్లు గుమ్మరించింది. నురగ జారి, ఆయన పేరు తళతళలాడింది.

“ఎవులూ ఎత్తుకెళ్లనేదు బాబూ. మేమే ఇటు లాక్కున్నాం. రోజూ పనికొత్తంది.”

అమ్మిరాజు కళ్లు చెమర్చాయి. “చూశావా, జనం నన్ను మరవలేదు,” అని వెంట తెచ్చుకున్న ఫొటోగ్రాఫర్‌తో అంటూ బండ పక్కన నిలబడ్డాడు. “గెలిపించమ్మా, టంకీకి మళ్లీ శిలాన్యాస్ చేస్తా!”

“సెయ్యండి బాబూ,” అంది ఆమె తడి దుప్పటి పిండుతూ. “కాపోతే ఈపాలి రాయి కూసింత ఎడల్పుది తెండి. దీనిమీద కంబళ్లు పట్టడం నేదు.”