గొర్ల తాడు

చార్జర్ తెర మీద మళ్లీ అదే మాట వచ్చింది: కమ్యూనికేషన్ ఎర్రర్. నగేష్ స్క్రూడ్రైవర్ని నేలకేసి కొట్టాడు.

పాత ట్రాలీ ఆటోకు మోటారు, బ్యాటరీ తనే బిగించుకున్నాడు. సోమవారం చార్జింగ్ చక్కగా ఎక్కింది. మంగళవారం నుంచి చుక్క కూడా ఎక్కడం లేదు. తెల్లారితే ఇందులోనే గొర్రెల్ని సూర్యాపేట సంతకు తీసుకెళ్లాలి.

బ్యాటరీ అమ్మిన మిర్యాలగూడ ఆయనేమో తప్పు చార్జర్‌ది అంటాడు. చార్జర్ అమ్మిన కోదాడ ఆయనేమో తప్పు బ్యాటరీది అంటాడు.

అరుగు మీద తాడు పేనుతున్న తండ్రి మంగయ్య నోరు తెరిచాడు. "అరేయ్ నగేషూ, ఆ సన్న వైర్లు..."

"నువ్వు జర ఊకో నాయినా. నీకేం తెలుస్తది."

కోదాడకు ఇంకోసారి ఫోన్ చేశాడు.

"బ్యాటరీ నుంచి చార్జర్‌కి వచ్చే రెండు సన్న వైర్లు మెలేసి ఉన్నాయా, విడిగా ఉన్నాయా?" అని అడిగాడు దుకాణం ఆయన.

"విడదీసి, నీట్‌గా టేపు సుట్టిన."

"అదేనండి తప్పు. బ్యాటరీ చార్జర్‌తో మాట్లాడేది వాటి మీదే. పక్కనే పెద్ద కరెంటు పోతుంటే విడి వైర్లలో ఆ మాట చెడిపోద్ది. ఒకదానికొకటి మెలేయండి."

నగేష్ ఫోన్ పెట్టేసి బండి దగ్గర కూర్చున్నాడు. సన్న వైర్ల టేపు విప్పాడు.

"నాయినా, గీ రెండూ జర మల్ల పేనవా?"

మంగయ్య తాడు పక్కన పెట్టి వచ్చాడు. వైర్లను వేళ్ల మధ్య పట్టి పురి తిప్పసాగాడు.

"సోమారం పేనితే, ఇదేమన్న గొర్ల తాడా అని నువ్వే ఇప్పేస్తివి గదరా."