కొండ పలకలేదు

జలపాతం కింద బండమీద నిలబడి నా పేరు నేనే గట్టిగా పిలుచుకున్నాను. ఎదుటి కొండ పలకలేదు.

"ఇంకాస్త గట్టిగా," అంది మా అత్తయ్య.

గొంతు చించుకుని అరిచాను. నీళ్ళ హోరు తప్ప ఏమీ లేదు. ఇక్కడ ఎవరి పేరు కొండ తిరిగి పలకదో వాళ్ళు ఇల్లు చేరరని కాలిబాట పొడవునా చెబుతూనే వచ్చిందావిడ. మోకాళ్ళ నొప్పులతో నా వెంటపడి వచ్చింది నన్ను బెదిరించడానికేనని అప్పటిదాకా లోలోపల నవ్వుకున్నాను.

"మీరు పిలవండి అత్తయ్యా!"

ఆవిడా తన పేరే పిలుచుకుంది. దానికీ బదులు లేదు. ఆవిడ ముఖం పాలిపోయింది. నా రెక్క పట్టుకుని, "పైకి పద. ఆ చెప్పులు వదిలెయ్," అంది.

"ఇద్దరం పోతామా అత్తయ్యా?" ఏడుపొచ్చేసింది నాకు.

ఆవిడ చెట్ల వేళ్ళు పట్టుకుని, నన్ను ముందుకు తోస్తూ ఎక్కింది. మలుపు చేరామో లేదో, వెనక ఫెళ్ళుమంది. ఎర్రటి నీళ్ళు మానుల్ని మోసుకుంటూ దూకి, మేం నిలబడ్డ బండని ముంచేశాయి. మా నెత్తిన చుక్క వాన లేదు.

"ఎక్కడో పైన కురిసింది. హోరు పెరిగితే కొండ పలికినా వినిపించదు," అంది ఆయాసపడుతూ.

"మీకెలా తెలుసు?"

"ముందొకసారీ ఇక్కడ ఇలాగే కొండ పలకలేదు. అప్పుడు నీ మొగుడు చంటివాడు. వాణ్ణి చంకనేసుకుని నేను ఎక్కేశాను. మీ మావయ్యగారు మాత్రం నవ్వి, ఇంకొక్కసారి పిలిచి చూస్తానన్నారు."