చివర ఎవరు?

"చివర ఎవరు?"

స్కానింగ్ గది ముందు నిలబడి గట్టిగా అడిగింది ఎర్మీనియా. స్పెయిన్‌లోని ఈ సరగోసా ఊళ్లో ఏ వరుసలోకి వచ్చినా ముందు ఆ మాట అడగాలి. చివరి మనిషి చెయ్యెత్తాలి. ఆ మనిషి తర్వాత మన వంతు.

"నేనే తల్లీ." ఒక ముసలమ్మ చెయ్యెత్తింది.

ఎర్మీనియా ఆమె పక్కన కూలబడింది. పోయిన నెలలోనే ఆమెకు కిడ్నీ మార్చారు. ఎవరో చనిపోయిన మనిషి కిడ్నీ. నొప్పి లేదు, జ్వరం లేదు. అయినా పొద్దున్నే ఆసుపత్రి వాళ్లు ఫోన్ చేసి, ఇవాళే వచ్చి స్కాన్ తీయించుకోమన్నారు. ఎందుకో చెప్పలేదు.

చేపల మార్కెట్లో ఆమె నోటికి ఎదురు లేదు. భయం వేస్తే ఆ నోరు ఇంకా పెద్దదవుతుంది.

అంతలో ఒకాయన వచ్చాడు. ఒంటిమీద ఆసుపత్రి గౌను, చేతికి సెలైన్, పక్కనే దాని స్టాండు. ముఖం పాలిపోయి ఉంది. చివర ఎవరని అడగలేదు. తిన్నగా వెళ్లి తలుపు పక్కన నిలబడ్డాడు.

ఎర్మీనియాకు ఒళ్లు మండింది.

"ఏమయ్యా, మేమంతా ఇక్కడ గోళ్లు గిల్లుకుంటూ కూర్చున్నామా?"

"కాదమ్మా, నేను స్కాన్‌కి రాలేదు. నర్సును ఒక్క మాట అడిగి పోతా."

కూర్చున్నవాళ్లంతా ఫక్కున నవ్వారు. వరుస తప్పించాలనుకునే ప్రతివాడూ చెప్పే మాటే అది. ఒక్క మాటని దూరి, పని పూర్తి చేసుకుని గాని బయటికి రాడు.

"నా చెవిలో పూలు కనిపిస్తున్నాయా నీకు? నా కొట్టు దగ్గరా రోజూ ఇదే గోల. ఒక్క మాటంటూ ముందుకొచ్చి, రెండు కిలోల చేపలు కట్టించుకు పోతారు!"

"నిజంగానే అమ్మా. ఆ సంగతి తెలియకపోతే నాకు నిద్ర..."

"వరసలో కూర్చుని తెలుసుకో! నువ్వొక్కడివే రోగివా? మావి ప్రాణాలు కావా?"

ఆయన ఏదో చెప్పబోయాడు. పొత్తికడుపు మీద చెయ్యి అదిమి పట్టుకుని ఆగిపోయాడు.

"తప్పయిందమ్మా."

స్టాండు తోసుకుంటూ మెల్లగా వెళ్లిపోయాడు.

ఎర్మీనియా గెలిచినట్టు అందరివైపూ చూసింది. ముసలమ్మ మాత్రం నవ్వలేదు.

"గౌనుకి నెత్తురు అంటి ఉంది. చూడలేదా తల్లీ?"

ఎర్మీనియాకు తల కొట్టేసినట్టయింది. లేచి నడవా మలుపు దాకా పరుగులాంటి నడకతో వెళ్లింది. అప్పటికే లిఫ్టు తలుపులు మూసుకున్నాయి.

వెనక నుంచి నర్సు ఆమె పేరే పిలిచింది.

"నా ముందు ఈ పెద్దావిడ ఉన్నారండీ."

"మీరే ముందు రావాలి. డాక్టర్ గారు చెప్పారు."

అందరినీ దాటుకుని వెళుతుంటే ఎర్మీనియా ఎవరి ముఖమూ చూడలేకపోయింది.

లోపల ఇరాచే అనే లేడీ డాక్టర్ ఎర్మీనియా పొత్తికడుపు మీద చల్లటి జెల్ రాసి స్కాన్ మొదలుపెట్టింది. తెర మీద ఎరుపూ నీలమూ కదులుతున్నాయి. ఒకచోట డాక్టర్ చెయ్యి ఆగిపోయింది.

"ఇదిగో, చూడండి. కిడ్నీకి రక్తం తెచ్చే నాళం ఇక్కడ ఉబ్బిపోయింది. లోపల ఫంగస్ చేరింది. ఇవాళే ఆపరేషన్ చేస్తాం. పగలకముందే దొరికింది కాబట్టి కిడ్నీ దక్కుతుంది."

"నాకు నొప్పే లేదే డాక్టరమ్మా! మరి మీకెలా తెలిసింది?"

డాక్టర్ జెల్ తుడుస్తూ చెప్పింది.

"మీకు కిడ్నీ ఇచ్చిన మనిషి రెండో కిడ్నీ ఇంకొకరికి పెట్టాం. పోయిన వారం ఆ మనిషికి ఇలాగే ఉబ్బి పగిలింది. ప్రాణం నిలిచింది గాని కిడ్నీ తీసేశాం. అందులో ఫంగస్ ఉందని నిన్న తేలింది. అందుకే మిమ్మల్ని పిలిచాం."

"ఎవరండీ ఆ మనిషి? చేతులు ముద్దుపెట్టుకుంటాను."

"చెప్పకూడదమ్మా. చట్టం ఒప్పుకోదు."

ఆపరేషన్ బాగా జరిగింది. కిడ్నీ దక్కింది.

కానీ ఎర్మీనియాకు మనసు కుదురుగా లేదు. తనన్న మాటలు ఒక్కొక్కటే గుర్తుకొచ్చి, సిగ్గుతో దుప్పటి ముఖం మీదికి లాక్కునేది. కిడ్నీ పోగొట్టుకున్న మనిషిని ఎలాగూ చూపించరు. కనీసం గౌనులో వచ్చిన ఆయన్నయినా వెతికి, క్షమించమని అడగాలి.

నడవగలిగిన రోజునే వార్డు నర్సును పట్టుకుంది.

"సెలైన్ స్టాండుతో తిరిగేవాడు, పాలిపోయి ఉంటాడు. ఆయన ఏ గదిలో ఉన్నాడమ్మా?"

"ఆయనా! నిన్ననే పంపించేశారు. ఈ ఊరు కూడా కాదు."

"అయ్యో! ఆయన మీద నోరు పారేసుకున్నాను. పదిమందిలో దొంగను చేశాను. ఆరోజు స్కానింగ్ గది దగ్గరికి నిజంగానే ఏదో అడగడానికే వచ్చాడా?"

"నిజమే. తన జబ్బేమిటో తెలిసినప్పటి నుంచీ కనిపించిన ప్రతివాళ్లనీ అదే అడిగాడు. మేం చెప్పకూడదు కదా. కుట్లు పచ్చిగా ఉన్నాయి, లేవద్దన్నా వినకుండా, స్కానింగ్ దగ్గరైనా చెబుతారేమోనని దిగి వెళ్లాడు. ఇంటికి వెళ్లేదాకా ఆయనకి జవాబు తెలియనే లేదు పాపం."

"ఏమని అడిగేవాడు?"

నర్సు మందుల ట్రే సర్దుతూ, ఎవరితో మాట్లాడుతోందో ఆలోచించకుండానే చెప్పేసింది.

"'నాది ఎలాగూ పోయింది, ఆ రెండో కిడ్నీ పెట్టించుకున్న మనిషైనా సమయానికి వచ్చారా?' అని."