వినేవాడు ఎదురుగా ఉంటే

'కొత్తవాళ్లు కావలెను, మూడేళ్ల అనుభవం తప్పనిసరి' అని ప్రకటనలు వేసే పెద్దమనుషులారా, మిమ్మల్నే. మూడేళ్లు పనిచేసినవాడు కొత్తవాడెలా అవుతాడు? పని మీరివ్వకపోతే అనుభవం ఎక్కడ ఏరుకొస్తాడు? మంచు దేశంలోని కెమి ఊళ్లో ఒక ఇల్లు చలికాలమంతా మీ జవాబు కోసం చూసింది.

కాగితం మిల్లు మూతపడ్డాక హిల్కా, తౌనో, ఆలుమగలిద్దరూ ప్రోగ్రామింగ్ తరగతిలో చేరారు. యాభై దాటిన వేళ్లు. నేర్చుకున్నారు. ఇద్దరూ మీకు దరఖాస్తు పెట్టారు. మీరు పలకలేదు.

తరగతిలో ఆర్వో మాస్టారు ఒక కిటుకు చెప్పాడు. "కోడ్‌లో తప్పు దొరక్కపోతే వరసవరసా ఎవరికైనా పైకి వివరించండి. చెబుతుంటే మీకే తడుతుంది. మనిషి లేకపోతే దీనికి చెప్పండి." తలా ఒక పసుపుపచ్చ ప్లాస్టిక్ బాతు పంచాడు.

"నాకు బాతెందుకండీ, మా ఆయన ఉన్నాడుగా," అంది హిల్కా. "ఆయనా అంతే మాట్లాడతాడు."

తరగతి గొల్లుమంది. తౌనో కూడా నవ్వాడు, చప్పుడు లేకుండా. బాతు హిల్కా సంచిలోకి పోయింది.

మంచు కరిగి పొద్దులు పొడుగయినా, సాయంత్రమైతే వంటింటి బల్ల దగ్గర అదే పని, కోడ్‌ని పైకి వివరించడం. రెండు కప్పుల కాఫీ.

"ఏమయ్యా, వింటున్నావా? పడవ టిక్కెట్టు రద్దు చేస్తే సీటు ఖాళీ అవ్వాలి. అవట్లేదు. ఎందుకంటావ్?"

ఎదుటి కుర్చీలో ఉలుకూ పలుకూ లేదు.

"అనవులే. నీ కాఫీ చల్లారిపోతోంది... ఆగాగు, దొరికింది."

వేసవి చివర్లో మీ మేనేజరమ్మ సేన్యా హిల్కాని పిలిచింది. ఆ టిక్కెట్ల ప్రోగ్రామే తిప్పి తిప్పి చూసింది.

"బాగుంది హిల్కా గారూ. ఒక్కరే చేశారా?"

"ఒంటరిగా నాకు చేతకాదమ్మా. వినడానికి మా ఆయన ఎదురుగా ఉండాలి."

సేన్యా కంప్యూటర్‌లో వెతికింది. "తౌనో గారి దరఖాస్తు కూడా ఉందే. ఎవరూ తెరవనే లేదు." తలొంచుకుంది. "మీరు సోమవారం వచ్చెయ్యండి. ఇంకేమైనా అడగాలా?"

హిల్కా కోటు గుండీలు పెట్టుకుంది.

"ఆ దరఖాస్తుకి ఇప్పుడే, నా కళ్లముందే, జవాబు రాసివ్వండి, మంచు కరగకముందే పోయినాయనకి ఎలాగూ అందదు, ఆయన కుర్చీలో కూర్చోబెట్టుకున్న బాతుకైనా చదివి వినిపిస్తాను."