ఒక్క మనిషి పేపర్లు

రెండో రీడర్ మళ్ళీ "ఉంచండి" అని పెట్టింది.

"ఈ వారంలో ఇది ఇరవయ్యోసారి సార్," అంది లెక్కల మేడం ఫోన్‌లో. "అసలు నిబంధన చదివిందా ఈవిడ?"

ప్రొఫెసర్ తన ఇంట్లో, వంటగది బల్ల మీద ఆ పేపర్ తెరిచాడు. ఐసొలేషన్ వార్డులో ఒక రోగి. మూడు పేజీలు.

మహమ్మారి ఏడాదిలో మనస్తత్వశాస్త్రంలో వచ్చిన పరిశోధనలన్నిటికీ వాళ్ళు పటం గీస్తున్నారు. ఒక విషయం మీద ఎన్ని పేపర్లు ఉంటే పటంలో దాని చుక్క అంత పెద్దది. పెద్ద చుక్కలు ఎక్కడున్నాయో చూసి ఆరోగ్యశాఖ కౌన్సెలర్లను పంపుతుంది. గడువు శుక్రవారం.

ప్రతి పేపర్‌నూ ఇద్దరు చదవాలి. ఇద్దరి మాటా కలవకపోతే ప్రొఫెసర్ తేలుస్తాడు. అయిదుగురికన్నా తక్కువమందిని చూసి రాసిన పేపర్‌ను తీసెయ్యాలి.

మొదటి రీడర్ లెక్కల మేడం. రెండో రీడర్ ఒక వాలంటీర్. ఈమెయిల్ రాసి చేరింది. ఆమె ముఖం ఎవరూ చూడలేదు.

"రోజుకు రెండొందలు చదువుతోంది. ఆదివారం కూడా. ఇంట్లో పొయ్యి వెలిగించదా ఏంటి?"

"మనకు మంచిదేగా మేడం."

"ఏం మంచిది? ఒక్క మనిషి పేపర్ వస్తే చాలు, అక్కడ బండి ఆపేస్తుంది. పక్కన ఏం రాసిందో చూడండి."

గమనికల గడిలో ఒక వాక్యం: "ఈ మనిషి ఇంకా ఉన్నారా?"

ప్రొఫెసర్ జాబితాను పైకి జరిపాడు. ఒక్క రోగి ఉన్న ప్రతి పేపర్ పక్కనా అదే వాక్యం.

ఆమెకు ఫోన్ చేశాడు.

"ఒక్కరి గురించి రాస్తే అది ధోరణి ఎలా అవుతుందమ్మా?"

"ఒక్కరు కాదు సార్..." ఆగింది. "చాలామంది... ఒక్కొక్కరే ఉన్నారు."

"మీ సిగ్నల్ తెగిపోతోంది. కాస్త కిటికీ దగ్గరికి వచ్చి మాట్లాడండి."

"ఇక్కడ... కిటికీ లేదు సార్."

"సరే. ఇలాంటివన్నీ నా నెత్తిన పడితే శుక్రవారానికి తెమలదమ్మా. మీరు చాలా సాయం చేశారు. ఇక విశ్రాంతి తీసుకోండి."

"వద్దు సార్." ఈసారి ఆగకుండా అంది. "పని తీసెయ్యకండి. పటం మీద నా పేరు... వెయ్యకపోయినా పర్లేదు. రోజూ కాసిని... పంపండి."

"మొహమాటపడకండి," అన్నాడు ప్రొఫెసర్.

గురువారం ఉదయం ఆమె లాగిన్ మూసేశాడు.

ఆ రోజంతా అతని ఫోన్‌కు అలర్టులు వచ్చాయి. మూసిన లాగిన్‌ను ఎవరో తెరవబోతున్నారు. మధ్యాహ్నానికి అవి నలభై దాటాయి. అతను అలర్టులు ఆపేశాడు.

శుక్రవారం పటం వెళ్ళింది. విద్యార్థుల చుక్క పెద్దది. తర్వాత డాక్టర్లది, ఇంటి నుంచి పనిచేసే తల్లులది. కౌన్సెలర్లు అక్కడికే వెళ్ళారు. ఐసొలేషన్ గదులకు ఎవరూ వెళ్ళలేదు. పటంలో అక్కడ చుక్క లేదు.

ఏడు నెలల తర్వాత కొత్త పేపర్లు కలిపి పటాన్ని మళ్ళీ గీయమన్నారు. అప్పటికి ఆఫీసు మళ్ళీ తెరిచారు. లెక్కల మేడం, ఎందుకో, తీసేసినవన్నీ పోగేసి వాటికీ ఒక పటం గీసింది.

"సార్, ఒకసారి ఇటు రండి."

తెర మధ్యలో ఒక చుక్క. తల్లుల చుక్కకన్నా పెద్దది.

"ఏమిటిది?"

"ఐసొలేషన్ రోగులవి. రెండో రీడర్ ఉంచమన్నవి. మూడువందల పన్నెండు."

"ఎక్కడో తప్పు కలిపారు."

"మూడుసార్లు చూశాను. ఒక్కరే కదా, ఒక్కరే కదా అని తీసేస్తూ పోయాం. కలిపితే మూడువందల పన్నెండు మంది." ఆమె గొంతు తగ్గించింది. "ఇంకోటి సార్. వేరే వేరే ఆస్పత్రులు, వేరే వేరే డాక్టర్లు. రోగులు ఒకరినొకరు ఎరగరు. అందరూ నర్సును ఒకే మాట అడిగారు."

"ఏమని?"

"'బయట నన్ను ఎవరైనా అడిగారా?' అని."

ఆమె ఒక పేపర్ తెరిచి ఆ వాక్యం చూపించింది. ఇంకోటి తెరిచింది. ఇంకోటి.

"చాలు," అన్నాడు ప్రొఫెసర్. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "పటం మీద మొదటి పేరు ఆవిడదే ఉండాలి. ఫోన్ చెయ్యండి."

"పొద్దున్నే చేశాను. నంబర్ పనిచెయ్యడం లేదు. ఈమెయిల్ తిరిగొచ్చింది."

లెక్కల మేడం కొత్త పేపర్ల జాబితా తెరిచింది.

"కొత్తవాటిలో ఒకటి మీరు తేల్చాలి సార్. ఒక్క రోగే. వార్డు డాక్టర్ రాశాడు. నేనింకా పూర్తిగా చదవలేదు. ఉంచాలా, తియ్యాలా?"

ప్రొఫెసర్ చదివాడు.

రోగి వయసు అరవై రెండు. విశ్రాంత లైబ్రేరియన్. ఐసొలేషన్ గదిలో డెబ్బై నాలుగు రోజులు. మొదట్లో ఆమె కూడా నర్సును ఆ మాటే అడిగేది. తర్వాత ఏదో పని దొరికింది. ఆ పని ఉన్నన్నాళ్ళూ అడగలేదు.

చివరి పేరాలో డాక్టర్ ఇలా రాశాడు: "ఆక్సిజన్ మాస్కు తీసినప్పుడల్లా, 'నేను రోగిని కాదు డాక్టర్, రెండో రీడర్‌ని' అనేది, ఒక గురువారం నుంచి ఆ మాట అనడం మానేసింది, ఆదివారం చనిపోయింది."