మూడోనాటి మేక

"ఆ మేక మెడ మీద కత్తి పెట్టావో, నేను పుట్టింటికి పోతా!" శంసా గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "మిగిలింది అదొక్కటే. మనవరాలికి పాలు ఎక్కణ్ణుంచి తెస్తావు?"

ఘానిం కత్తి వెనక్కి దాచుకున్నాడు. "మెల్లగా! ముందు గదిలోకి వినిపిస్తుంది."

"వినిపించనీ! రెండు మేకల్ని తినేశారు. అసలెందుకొచ్చారో అడిగావా?"

"మూడు రోజులు నిండకుండా అతిథిని అడగడమా? ఒమానీ ఇంట్లో ఎవరైనా చేసే పనేనా అది? రేపు ఊళ్ళో తలెత్తుకు తిరగొద్దూ?"

వచ్చినవాళ్ళు డచ్చి విద్యార్థులు, వెంట వాళ్ళ మాస్టారు. మొన్న కారాపి దారి అడగబోతే, నోరు తెరిచేలోపే ఘానిం లోపలికి లాక్కొచ్చి ఖర్జూరాలు, కాఫీ ముందు పెట్టాడు. అప్పట్నుంచి తినడం, రాసుకోవడం. వాకిట్లో డ్రమ్ములో ఉన్న పుదీనా చుట్టూ చేరి కాస్త మట్టి సీసాలో వేసుకున్నారు. శంసా గిన్నెలు కడిగిన నీళ్ళు దానికి పోస్తే, అబ్బో, ఎన్ని ఫోటోలో!

పక్కింటి ఖల్ఫాన్ పూటపూటా వచ్చి వాళ్ళ పక్కనే కూర్చుంటున్నాడు. అతిథులకు తోడుండకపోతే ఇరుగుపొరుగు దేనికని అతని వాదన. ఊళ్ళో అతను సాలిం నాన్న, ఘానిం రాషిద్ నాన్న. అసలు పేర్లతో పిలిచే దిక్కే లేదు.

శంసా ఏడుస్తూనే మేక తాడు వదిలింది. ఘానింకీ కళ్ళు తడిశాయి. పరువు మాత్రం దక్కింది.

భోజనాలయ్యాయి. గడువూ తీరింది. ఘానిం గొంతు సవరించుకున్నాడు.

"అయ్యా, తమరు ఏ పని మీద వచ్చారు?"

మాస్టారు ఊపిరి పీల్చుకున్నాడు. "హమ్మయ్య, అడిగారు! మీరు అడిగేదాకా మేం ఆ మాటెత్తకూడదని పుస్తకంలో చదివాం. మీ ఖర్జూర సేద్యం నేర్చుకుందామని వచ్చాం. తోట ఎటువైపండీ, ఖల్ఫాన్ గారూ?"

"నేను ఖల్ఫాన్నా? నా పేరు ఘానిం! టాక్సీ తోలుకునేవాణ్ణి! నాకు తోటేమిటి?"

ఖల్ఫాన్ ఒక్కడే ఇంకా ఎముకలోని మూలుగ జుర్రుకుంటున్నాడు.

"ఏమయ్యా సాలిం నాన్నా!" ఘానిం అతని వైపు తిరిగాడు. "వీళ్ళు నీ ఇంటికి రావలసినవాళ్ళా? నీకు తెలీదూ?"

ఖల్ఫాన్ ఎముక పళ్ళెంలో పెట్టి, గుండె మీద చెయ్యి వేసుకున్నాడు.

"మొదటిరోజే తెలుసు. కానీ నీ గడప తొక్కిన అతిథుల్ని నేను లాక్కుపోతే, నీ పరువేం కావాలి?"