పైఅధికారి

“ఒంటరి గదిలో వేసినవాడికి దుప్పటేంటయ్యా? ఇదేమన్నా అత్తారిల్లా?”

జైలు సూపరింటెండెంటు కసురుకున్నాడు.

ఎదురుగా నిలబడ్డ ముసలాయన చంకలోని ఉన్ని దుప్పటిని ఇంకా గట్టిగా పట్టుకున్నాడు.

“కుర్రాడికి చలిజ్వరం సార్. నిన్న విడుదలైనవాళ్లు చెప్పారు.”

“వార్డరు మీద చెయ్యి చేసుకున్నాడు. జ్వరమొచ్చినా, మరేదొచ్చినా వారం దాకా కటిక నేలే. నా ఆర్డరు అది.”

“మీ పైన ఎవరూ లేరా సార్?”

“ఎవరికి చెప్పుకుంటావో చెప్పుకో, పో!”

ముసలాయన చూపు బల్ల మీదున్న బైబిలు మీద ఆగింది.

“చాడీలు చెప్పడానికి కాదు సార్. చెరసాలలో ఉన్నవాళ్ల గురించి అందులో ఒక మాట ఉంది. అది మీ ఆర్డరుకి పైదా, కిందిదా అని అడుగుతున్నా.”

ఆదివారం చర్చిలో లేచి వాక్యం చదివే సూపరింటెండెంటుకి ఒళ్లు మండిపోయింది.

“నాకే ప్రసంగమా? కొడుకుని హంతకుణ్ణి చేసి ఊరి మీద వదిలావు. ఇప్పుడు కన్నప్రేమ పొంగుకొచ్చిందా?”

ముసలాయన దుప్పటిని ఒకసారి నిమిరాడు.

“కన్నప్రేమ ఎక్కడికి పోతుంది సార్.”

దుప్పటి బల్ల మీద పెట్టి, చేతికర్ర పొడుచుకుంటూ వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం సూపరింటెండెంటు భోజనం క్యారియరు పక్కకి నెట్టేశాడు. గుమస్తా మీద ఊరికే విరుచుకుపడ్డాడు. చివరికి తలుపు మూసుకుని బైబిలు తెరిచాడు.

‘చెరసాలలో ఉంటిని, నాయొద్దకు వచ్చితిరి’ అన్న ప్రభువు మాట అతనికి కంఠతా వచ్చు. గొంతెత్తి ఎందరికో వినిపించాడు. అది తనకు వచ్చిన ఆర్డరని మాత్రం ఏనాడూ అనుకోలేదు.

బెల్లు కొట్టాడు.

“డాక్టర్ని పిలవండి. ఒంటరి గది తాళం నాకివ్వండి. ఆ ముసలాయన్ని లోపలికి తీసుకురండి.”

“ఎప్పుడో వెళ్లిపోయాడు సార్. ఏ ఊరో ఎవరికీ తెలీదు.”

ఒంటరి గది మూలలో కుర్రాడు ముడుచుకుని వణుకుతున్నాడు. సూపరింటెండెంటు వంగి తన చేత్తోనే దుప్పటి కప్పాడు.

“మీ నాన్న తెచ్చాడు. పొద్దున నేనే ఇవ్వనివ్వలేదు.”

“మా నాన్నా? నాకు ఊహ తెలియకముందే పోయాడు సార్.”

“మరి పొద్దున వచ్చిందెవరు? తెల్లగడ్డం, చేతికర్ర...”

కుర్రాడు దుప్పటిలో మొహం దాచుకున్నాడు. ఏడుపు మధ్య అతికష్టం మీద మాట బయటికొచ్చింది.

“నేను చంపింది ఆయన కొడుకునే సార్.”